ఇచ్చినట్లు భావింపబడిన అంగీకారం

2014లో పార్లమెంటు చేసిన ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టంలో 90వ సెక్షను పోలవరం ప్రాజెక్టును గురించినది. అందులో మూడవ ఉపసెక్షను ఒకే ఒక వాక్యం. పోలవరం ప్రాజెక్టుకు తెలంగాణ రాష్ట్రం తన అంగీకారం ఇచ్చినట్లుగా భావించవలెనని దాని తాత్పర్యం. ఆ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది ఆ సంవత్సరం మార్చి 1న. తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది జూన్ 2న. అంటే ఇంకా పుట్టని రాష్ట్రం మూడు నెలల ముందుగానే ఒప్పుకున్నదన్నమాట. బారసాల కాకముందే బిడ్డచేత ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేయించినట్లున్నది ఈ వ్యవహారం.

న్యాయశాస్త్రం చదివినవారికి ఇందులో నవ్వవలసింది ఏమీ కనపడదు. చట్టాలలో ఇటువంటి కల్పనలు మామూలే అంటారు. నిజమే. రిజిస్టరు పోస్టులో పంపిన నోటీసు అందినట్లు భావిస్తారు. ఏడేళ్లపాటు అయినవాళ్లెవరికీ కబురు తెలియని మనిషి చనిపోయినట్లు భావిస్తారు. కాని అంగీకారం కూడా ఈ కోవలోదేనా? నోటీసు అందడం, చనిపోవడం మనిషికి జరిగే సంగతులు. అంగీకారం మనిషి చేసే పని. జరిగిన సంగతికి సాక్ష్యం దొరకనప్పుడు దాన్ని ఊహించుకోవచ్చు. ఒకడు చేయవలసిన పనిని అతని తరఫున ఊహించుకుని, చేశాడని కాగితం మీద రాసుకుంటే, ఆ పని చేసినవాడు రాసుకున్నవాడే.

ఈ మాయ కొత్తదీ కాదు, మనం కనిపెట్టినదీ కాదు. ఒక రాజ్యంలో నివసించి, దాని దారుల్లో నడిచిన ప్రతివాడూ ఆ రాజ్యానికి మౌనంగా అంగీకారం తెలిపినట్లేనని 17వ శతాబ్దిలో ఇంగ్లండులో లాక్ వాదించాడు. 1748లో స్కాట్లండువాడైన హ్యూమ్ ఆ వాదాన్ని గట్టిగా దెబ్బకొట్టాడు. నిద్రలో ఉన్నవాణ్ణి మోసుకొచ్చి ఓడలో వేసి, నడిసముద్రంలో మేలుకున్నాక దూకి పోలేదు గనుక కెప్టెను అధికారానికి ఒప్పుకున్నాడనడం ఎటువంటిదో చూడమన్నాడు. గోదావరి మీద లాంచీ ఎక్కినవారికి ఈ ఉపమానం విప్పి చెప్పనక్కరలేదు.

ప్రజాస్వామ్యంలో అడగడమంటే ఏమిటి? ఎవరిని అడిగితే అడిగినట్లు? ఈ ప్రశ్నలు గోదావరి ఒడ్డున మనకు ఎదురైనట్లే యూరపులో కొన్ని నదుల ఒడ్డున అక్కడివారికీ ఎదురైనాయి. వాటి పక్కన పెట్టి చూస్తే మన సంగతి మనకు మరింత స్పష్టపడుతుంది.

పట్టిసీమను తెలుగువారికి పరిచయం చేయడం అనవసరం. గోదావరి నడుమ దేవకూట పర్వతం, దానిమీద వీరభద్రస్వామి గుడి, శివరాత్రి తిరునాళ్లు, ఇసుక తిన్నెల మీద సినిమా పాటలు. 2015 నుండి ఆ పేరుకు మరొక అర్థం వచ్చింది. ఆ ఏడు మార్చిలో ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన జరిగింది. సెప్టెంబరులో నీళ్లు పారాయి. 24 పంపులు, 8,500 క్యూసెక్కుల సామర్థ్యం, ఏటా 80 టి.ఎం.సి. లక్ష్యం. గోదావరి నీటిని పోలవరం కుడి కాలువలోకి ఎత్తి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలపడం. ఈ నీటి ఉపయోగాన్ని తక్కువ చేసి మాట్లాడేవాడు కృష్ణా డెల్టాను చూడనివాడు. పైన ఆల్మట్టి నుండి నాగార్జునసాగర్ దాకా జలాశయాలన్నీ నిండితేగాని ప్రకాశం బారేజికి నీరు రాని కాలంలో, నారుమడికి వేళకు నీరందడం కాలవ చివరి రైతుకు ప్రాణంతో సమానం. ఆ అవసరం నిజమైనది. అది నిజమైనది కాకపోయి ఉంటే మన నైతిక సమస్య ఎంతో తేలికగా తేలిపోయేది.

ఈ పథకం చుట్టూ వాడుకైన మాటలను ఒకసారి పరిశీలించాలి. వాటిలో అన్నిటికన్నా పని చేసిన మాట ‘వృథా’. ఏటా మూడువేల టి.ఎం.సి.ల గోదావరి నీరు సముద్రంలో వృథాగా పోతున్నదని అన్ని పార్టీల నాయకులూ ఏళ్ల తరబడి సభల్లో చెప్పారు. పత్రికలు రాశాయి. పాఠశాలలో పిల్లలు వ్యాసరచన పోటీల్లో రాశారు. ఒకసారి నీరు ‘వృథా’ అని స్థిరపడ్డాక, దాన్ని ఆపడం పొదుపు అవుతుంది. పొదుపుకు అడ్డుచెప్పేవాడు దుబారా మనిషి అవుతాడు. సముద్రంలో కలిసే నీటితోనే లంకలకు ఒండ్రు వస్తుందని, ఉప్పునీరు పైకి ఎగదన్నకుండా ఆగుతుందని, మొగలో చేప గుడ్డు పెడుతుందని తెలిసిన పల్లెకారుల మాట ఈ సభల్లో వినపడలేదు. రెండవ మాట ‘ముంపు గ్రామం’. బతికున్న ఊరికి, ఇంకా పొయ్యిలు రాజుతున్న ఊరికి, ముందుగానే ఈ పేరు పెట్టేశారు. ప్రభుత్వ రికార్డుల్లో దానికి ఇక వేరే పేరు లేదు. ముంపు గ్రామానికి కొత్త బడి ఎందుకు, రోడ్డెందుకు? ఆ విధంగా నీరు రావడానికి ఎన్నో ఏళ్ల ముందే మాట వచ్చి ఊరిని ముంచింది.

మూడవ మాట ‘ప్యాకేజి’. దీన్ని గురించి గురజాడ పాఠకులకు ఎక్కువ చెప్పనవసరం లేదు. కన్యాశుల్కం నాటి బేరసారాలలో పిల్లకు ఎంత ఇస్తారన్నదే మాట. పిల్ల ఒప్పుకున్నదా అన్న ప్రశ్న బేరంలోకి రాదు. ఎంత ఇస్తే వెళతారు అన్న ప్రశ్న వేసేటప్పటికి, వెళతారా అన్న ప్రశ్న తీరిపోయినట్లే. మన భాషలో చెప్పడానికీ అడగడానికీ ఉన్న తేడా ఇంటింటికీ తెలిసినదే. సంబంధం ఖాయం చేసుకుని వచ్చి పిల్లకు చెప్పే తండ్రి, ఖాయం కాకముందు పిల్లను అడిగే తండ్రి, ఇద్దరూ ఒక్కటి కారు.

ఇప్పుడు పట్టిసీమ నుండి నది వెంట కొద్ది దూరం పైకి వెళదాం. పోలవరం ఆనకట్ట అక్కడున్నది. పట్టిసీమ పంపులు పోసిన కాలువ ఆ ఆనకట్ట కోసం తవ్వినదే. ఆనకట్ట వెనక పాపికొండలు, వాటిలో కోయలు, కొండరెడ్లు. పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, పాత లెక్కన 150 అడుగులు. ఆ మట్టానికి నీరు నిలిస్తే లక్షకు పైగా కుటుంబాలు కదలాలని ప్రభుత్వం వారి లెక్కలే చెబుతున్నాయి. ఎగువ కాఫర్ డామ్ లేచిన తరువాత 2019 నుండి దేవీపట్నం వైపు ఊళ్లకు వరద నీరు పద్ధతి మార్చుకుని వచ్చింది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఇళ్లు వదిలి కొండలెక్కినవారిలో ప్యాకేజి అందనివారూ ఉన్నారు.

వారిని అడిగారా? 2005 అక్టోబరులో పర్యావరణ అనుమతికి ముందు ఆంధ్రప్రదేశ్‌లో బహిరంగ విచారణ జరిపారు. ముంపు తగిలే ఒడిశా, ఛత్తీస్‌గఢ్ గ్రామాలకు ఆ విచారణ లేదు. ఈ కారణంగా 2007 డిసెంబరులో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ అనుమతిని కొట్టివేసింది. హైకోర్టు ఆ తీర్పును నిలుపుదల చేసింది. పని సాగింది. ఇక గిరిజన ప్రాంతాల పంచాయతీలకు ప్రత్యేకంగా 1996లో చేసిన చట్టం, మనం పెసా అనేది, భూమి తీసుకునే ముందు గ్రామసభనుగాని తగిన స్థాయి పంచాయతీనిగాని సంప్రదించాలన్నది. ‘గాని’ అన్న ఆ చిన్న ముక్కను మన రాష్ట్రం చక్కగా వాడుకున్నది. 1998లో రాష్ట్ర చట్టం చేసినప్పుడు సంప్రదించవలసింది మండల పరిషత్తునన్నారు. మండల పరిషత్తు అంటే మండల కేంద్రంలో ఒక హాలు, కొన్ని కుర్చీలు. గ్రామసభ అంటే చింతచెట్టు కింద ఊరంతా. పైగా ‘సంప్రదించాలి’ అన్నారేగాని ‘ఒప్పించాలి’ అనలేదు. ఆ చట్టానికి నియమాలు వచ్చింది 2011లో. అప్పటికి భూసేకరణ మొదలై ఆరేళ్లయింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ముందస్తు అంగీకారం తప్పనిసరి అన్న మాట 2013 భూసేకరణ చట్టంలోగాని రాలేదు.

దీనికి తోడు ఏడు మండలాల సంగతి. ఖమ్మం జిల్లాలోని ఆ మండలాల ప్రజలు 2014 ఏప్రిల్ 30న ఓటు వేశారు. వేసింది తెలంగాణ ప్రాంతపు ఓటు. నెల తిరగకముందే, మే చివర, ఒక ఆర్డినెన్సు వారిని ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది. జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. భద్రాచలం నియోజకవర్గంలో గెలిచిన శాసనసభ్యుడు హైదరాబాదులో తెలంగాణ సభలో కూర్చున్నాడు. అతనికి ఓటు వేసిన కూనవరం, చింతూరు మండలాలవారు మరొక రాష్ట్రంలో ఉన్నారు. ఇందులో ఎవరి ఓటు హక్కునూ ఎవరూ లాక్కోలేదు. ఓటు పెట్టెలో భద్రంగానే ఉన్నది. ఓటు పడిన నేలే జరిగిపోయింది.

ఇక్కడ ఎవరిని అడగాలి అన్న రెండవ ప్రశ్న వస్తుంది. సమైక్య ఆంధ్రప్రదేశ్ అంతటినీ అడిగితే పోలవరానికి మెజారిటీ తప్పక వచ్చేది. కూనవరాన్ని విడిగా అడిగితే వచ్చేదని ఎవరూ పందెం కాయరు. ఎవరు ప్రజలు అన్నది ముందు తేలితేగాని ఓట్ల లెక్క మొదలు కాదు. ఆ ‘ఎవరు’ను ఓట్లతో తేల్చలేం, ఎందుకంటే ఆ ఓటు ఎవరు వేయాలన్న ప్రశ్న మళ్లీ లేస్తుంది. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుండి వీ-డెం అనే పరిశోధనా సంస్థ ఏటా ప్రపంచ దేశాలన్నిటి ప్రజాస్వామ్యాన్నీ కొలిచి లెక్కలు ప్రకటిస్తుంది. 2021 నివేదికలో అది భారతదేశాన్ని ఎన్నికలు జరిగే నియంతృత్వంగా వర్గీకరించినప్పుడు ఇక్కడ పెద్ద దుమారం లేచింది. ఆ పని విలువైనది, విద్యార్థులు చదవదగినది. అయితే దాని కొలబద్ద దేశం. దేశంలో ఒక మూల ఒక లోయను ఓట్ల బలంతో ముంచివేస్తే ఆ కొలబద్ద మీద గీత కదలకపోవచ్చు.

ఉదాహరణకు బ్రిటన్‌ను చూడండి. ప్రజాస్వామ్యానికి పుట్టినిల్లని చిన్నప్పుడు మనచేత వల్లె వేయించిన దేశం. ఉత్తర వేల్స్‌లో ట్రెవెరిన్ అనే లోయ ఉన్నది. అందులో కాపెల్ కెలిన్ అనే ఊరు ఉండేది. వెల్షు భాష తప్ప ఇంగ్లీషు అవసరపడని ఊరు. పొలాలు, ఒక బడి, ఒక పోస్టాఫీసు, ఒక ప్రార్థనామందిరం, పక్కన సమాధులు. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరపాలక సంస్థకు నీళ్లు కావలసివచ్చాయి. వేల్స్‌లోని స్థానిక సంస్థల అనుమతి కోరవలసిన దారిని తప్పించుకుని అది నేరుగా పార్లమెంటుకు బిల్లు తీసుకుపోయింది. 1957లో బిల్లు నెగ్గింది. వేల్స్ నుండి ఎన్నికైన 36 మంది సభ్యులలో ఒక్కరు కూడా దానికి అనుకూలంగా ఓటు వేయలేదు. 1965లో జలాశయం ప్రారంభమైంది. ఊరు నీళ్ల కింద ఉన్నది. లివర్‌పూల్ నగరసభ క్షమాపణ చెప్పింది 2005లో, అంటే 40 ఏళ్ల తరువాత. ప్రతి మెట్టులోనూ చట్టం తు.చ. తప్పకుండా అమలైంది. లివర్‌పూల్ కార్మికవాడలకు నీళ్లు అవసరమన్నదీ అబద్ధం కాదు.

లాభాపేక్ష గల సమాజంలో ఇంతేనని, సమష్టి ఆస్తి వచ్చాక ఈ చిక్కు ఉండదని మనలో చాలామంది అంటారు. అలా అనేవారికి డాన్యూబ్ నది కథ చెప్పవలసి ఉన్నది. 1977లో హంగెరీ, చెకొస్లొవాకియా రెండూ సోషలిస్టు ప్రభుత్వాలే. ఆ రెండూ గబ్చికోవో, నాగిమారోస్ దగ్గర జంట ఆనకట్టలకు సంధి కుదుర్చుకున్నాయి. హంగెరీలో ఆ పథకాన్ని విమర్శించే వ్యాసాలకు పత్రికల్లో చోటు లేకపోయింది. 1984లో కొందరు డాన్యూబ్ సర్కిల్ అనే పేరుతో గుమికూడి సంతకాలు సేకరించారు. 1988 సెప్టెంబరులో బుడాపెస్టు వీధుల్లోకి వేలాది మంది వచ్చారు. పత్రికల్లో చర్చకు తావు లేని దేశంలో ఒక ఆనకట్ట మీది ప్రశ్నే రాజ్యం మీది ప్రశ్నగా పెరిగింది. 1989 మేలో హంగెరీ పని ఆపింది. 1992లో అవతలి ఒడ్డువారు నదిని తమవైపు మళ్లించుకున్నారు. తగాదా హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 1997 సెప్టెంబరు 25న ఇద్దరిదీ తప్పేనని, కూర్చుని మాట్లాడుకోమని తీర్పు వచ్చింది. ఆస్తి ఎవరిదన్న ప్రశ్నకు జవాబు దొరికినంత మాత్రాన నిర్ణయం ఎవరిదన్న ప్రశ్నకు దొరకదని ఈ కథ వల్ల తెలుస్తున్నది. మరొకటి. హేగ్‌లో కక్షిదారులు రెండు రాజ్యాలు. నది ఒడ్డు ఊళ్లకు ఆ కోర్టులో నోరు లేదు. మన సుప్రీంకోర్టులోనూ పోలవరం మీద ఒడిశా వేసిన దావా రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య దావా. రాజ్యాలు తమలో తాము ఎంత గట్టిగా పోట్లాడుకున్నా ఆ పోట్లాటలో ఊరు ఒక అంకెగానే వస్తుంది.

నార్వే సంగతి కొంత భిన్నం. ఉత్తరాన సామి జాతివారు రెయిండీర్లను మేపుకుని బతుకుతారు. ఆల్టా నది మీద విద్యుత్తుకోసం కట్టదలచిన ఆనకట్ట మొదటి నమూనాలో మాసి అనే సామి గ్రామం మునిగిపోయేది. జనం ఎదురు తిరగగా 1973లో ఆ భాగాన్ని విడిచిపెట్టారు. మిగిలిన పథకానికి 1978లో పార్లమెంటు ఒప్పుకున్నది. 1979లో సామి యువకులు పార్లమెంటు ఎదుట గుడారం వేసి నిరాహారదీక్ష పట్టారు. 1981 జనవరి చలిలో దాదాపు ఆరువందల మంది పోలీసులు వచ్చి దారికి అడ్డంగా కూర్చున్నవారిని ఎత్తివేశారు. 1982లో సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షాన తీర్పు చెప్పింది. ఆనకట్ట కట్టారు. ఉద్యమం ఓడింది. కాని ఆ ఓటమి వల్లనే దేశం తనను తాను ప్రశ్నించుకోవలసి వచ్చింది. 1988లో రాజ్యాంగానికి సవరణ, 1989లో సామి పార్లమెంటు. ఆ దేశపు పండితుడే స్టైన్ రొక్కాన్ 1966లో ఒక వ్యాసంలో ఓట్ల లెక్కకూ, నిర్ణయాలను నడిపించే వనరుల బలానికీ మధ్య ఉన్న దూరాన్ని చూపాడు. దేశ జనాభాలో పిడికెడు లేని సామిలకు ఓట్లూ లేవు, వనరులూ లేవు. ఎదురుగా కూర్చుని మాట్లాడే ఒక వేదికను మాత్రం సాధించుకున్నారు. అంతటితో స్వర్గం దిగివచ్చిందని కాదు. ఫోసెన్ గాలిమరల లైసెన్సులు సామిల హక్కులకు విరుద్ధమని 2021 అక్టోబరులో నార్వే సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన తరువాత కూడా ఆ మరలు తిరుగుతూనే ఉన్నాయి.

1998లో డెన్మార్కులోని ఆర్హస్ నగరంలో యూరపు దేశాలు ఒక ఒడంబడిక చేసుకున్నాయి. 2001లో అది అమలులోకి వచ్చింది. పర్యావరణ విషయాలలో సమాచారం పొందే హక్కు, నిర్ణయంలో పాల్గొనే హక్కు, న్యాయస్థానానికి పోయే హక్కు ప్రజలకు ఇస్తుంది. అందులో నాకు విలువైనదిగా కనిపించే నియమం వేళను గురించినది. అన్ని మార్గాలూ ఇంకా తెరిచి ఉన్నప్పుడే ప్రజలను రమ్మనాలన్నది ఆ నియమం. కాలువ తవ్వి, పంపులు బిగించి, కాఫర్ డామ్ కట్టిన తరువాత జరిపే గ్రామసభ ఆ నియమం ప్రకారం సభే కాదు.

పెద్ద ఆక్షేపణ ఒకటి మిగిలి ఉన్నది. ఊరూరూ అడుగుతూ కూర్చుంటే దేశంలో ఏ పనీ సాగదు, పదిమంది కోసం కోటిమంది ఎండిపోవాలా అంటారు. దవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది, కాటన్ దొర ఎవరిని అడిగాడని ఎదురుప్రశ్న వేస్తారు. దొర అడగలేదు. ఆయన పని చేసింది కంపెనీ పాలనలో. ప్రజలకు మేలు చేసినంత మాత్రాన అది ప్రజాపాలన అయిందని అప్పుడు ఎవరూ అనలేదు, ఇప్పుడూ అనరు. పైగా అడిగితే ఎప్పుడూ కాదంటారన్న భయానికి ఆధారం బలహీనమైనది. ఒడిశాలో నియమగిరి మీద బాక్సైట్ గని గురించి సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2013లో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. అయినా అక్కడి ప్రశ్న ఒక కొండను గనికి ఇవ్వడం. ఆనకట్టను తగ్గించి కట్టడం, ఇంకొక చోట కట్టడం, భూమికి భూమి ముందుగా ఇచ్చి కట్టడం వంటి బేరాలకు నది మీద ఎంతో తావున్నది. మాసి మునగకుండానే ఆల్టా ఆనకట్ట లేచింది గదా.

మెజారిటీ మాటకు మైనారిటీ ఎందుకు తలవంచాలి అన్నదానికి ప్రజాస్వామ్యం చెప్పే సమాధానం ఒక్కటే. ఈసారి ఓడినవాడు వచ్చేసారి గెలవవచ్చు. నలుగురిని ఒప్పించి నిర్ణయాన్ని తిరగదోడవచ్చు. ఆ ఆశ ఉన్నంతవరకు ఓటమిని భరించడంలో న్యాయం ఉన్నది. పన్ను పెంచిన చట్టాన్ని వచ్చే ప్రభుత్వం తగ్గిస్తుంది. మునిగిన ఊరిని ఏ ప్రభుత్వమూ తేల్చలేదు. వెలేరుపాడు, కుక్కునూరు మండలాల ఊళ్లను ఖాళీ చేయించి ఒక్కొక్క కుటుంబాన్ని ఒక్కొక్క కాలనీలో దింపిన తరువాత, వచ్చే ఎన్నికలో కలిసి ఓటు వేయడానికి ఆ ఊరే ఉండదు. కృష్ణా డెల్టా రైతు ఒక పంట పోగొట్టుకుంటే నష్టం గొప్పదే, కాని అతని పంచాయతీ, అతని ఓటు, అతని గొంతు అక్కడే ఉంటాయి. పంట నష్టాన్నీ ఊరి నష్టాన్నీ ఒకే తక్కెడలో ఎకరాల చొప్పున తూచడం అన్యాయమనడానికి కారణం కోయలు అమాయకులనో, అడవి పవిత్రమనో కాదు. ఒక సమూహం నిర్ణయాలు చేసుకునే శక్తినే ఆ నిర్ణయం తుడిచివేస్తున్నది. అటువంటి నిర్ణయానికి మామూలు మెజారిటీ చాలదు. ఆ సమూహం స్వయంగా, ముందుగా, వివరాలు తెలిసి, కాదనే వీలుండి ఒప్పుకోవాలి.

పోలవరంలో ఈ పని పూర్తిగా చేయిదాటిపోయిందని అనుకోనక్కరలేదు. ప్రాజెక్టును రెండు దశలు చేశారు. మొదటి దశలో 41.15 మీటర్ల వరకు, తరువాత 45.72 వరకు నీరు నిలుపుతామన్నారు. ఈ రెండు గీతల మధ్య ఉన్న గ్రామాలు మొదటి దశ లెక్కలో లేవు. నది ఇంకా వాటి దగ్గరకు రాలేదు. 2013 చట్టం అమలులో ఉన్నది, పెసా నియమాలూ ఉన్నాయి. ఆ గ్రామాలలో సభ పెట్టి, నీటిమట్టాల పటాలను చదివి వినిపించి, కోయ మాట్లాడేవారికి కోయలోనే విప్పి చెప్పి, వెళతారా అని అడిగి, వచ్చిన జవాబును వచ్చినట్లు రాయడానికి కలెక్టరు కచేరీకి కొత్త చట్టం ఏదీ అవసరం లేదు. అక్కడ జరిగే సభల తీర్మానాలు మండల కేంద్రంలో తయారై ఊరికి వస్తున్నాయా, ఊరిలో తయారై మండల కేంద్రానికి పోతున్నాయా అన్నది రాజమండ్రి, ఏలూరు కాలేజీల విద్యార్థులు సెలవుల్లో వెళ్లి చూసి రాయగలిగిన సంగతే.